వంట క్లాసుకి వచ్చిన అతిథి

ఎర్రగెడ్డవలస,
8 జూలై 2024

చిన్నాన్నగారికి,

ఆమని నమస్కారాలు. పెళ్ళివంటల్లో పెద్ద బర్నర్ల హోరులో నలభై ఏళ్ళు నిలబడి మీ చెవులు మొద్దుబారాయి. ఫోన్ చేస్తే "ముహూర్తం ఎప్పుడు, ఎంతమంది" అని తప్ప మీరు మరో మాట అనరు. అందుకని ఉత్తరం రాస్తున్నాను.

నాకు ఉద్యోగం వచ్చింది. గజపతినగరం దాటి లోపలికి వెళ్తే ఎర్రగెడ్డవలస అనే ఊరు. అక్కడి హైస్కూల్లో ఈ ఏడాది నుంచి తొమ్మిదో తరగతికి కేటరింగ్ ఒక సబ్జెక్టు. చెప్పేది నేను. నియామక పత్రంలో నా హోదా "ఫుడ్ అండ్ బెవరేజ్ సర్వీస్ ట్రైనర్" అని ఉంది. హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా, విశాఖపట్నం హోటల్లో చేసిన నాలుగేళ్ళ చాకిరీ ఇన్నాళ్ళకి ఇలా పనికొచ్చాయి.

ఇరవై నలుగురు పిల్లలు చేరారు. విరిగిన బెంచీలు పెట్టుకునే గదిని మాకిచ్చారు. బెంచీలు కూడా అందులోనే ఉన్నాయి. పొయ్యి, సిలిండరు, గిన్నెలు వస్తాయన్నారు. ప్రస్తుతానికి పుస్తకం వచ్చింది. అందులో మొదటి పాఠం రుమాలుని తామరపువ్వులా మడవడం. పిల్లల్ని ఇంటి నుంచి తువ్వాళ్ళు తెమ్మన్నాను. ఇద్దరు లుంగీలు తెచ్చారు. లుంగీతో పువ్వు బాగానే వస్తుంది గాని బల్ల చాలదు.

హెడ్‌మాస్టరు మురళీమోహన్ గారు మంచివారు. నిప్పుతో సంబంధం లేకుండా ఎంత వంట నేర్పగలిగితే అంత నేర్పమన్నారు.

ఒక సహాయం కావాలి. పొయ్యి వచ్చిన రోజున మన ఇంటి ఆవపెట్టిన పులిహోర చేయించాలని ఉంది. నలుగురికి సరిపడా కొలతలు రాసి పంపండి. పుస్తకంలో కొలతలన్నీ నలుగురికే ఉన్నాయి.

పిన్నిని అడిగానని చెప్పండి.

మీ
ఆమని

*

శ్రీకూర్మం,
15 జూలై 2024

చిరంజీవి ఆమనికి,

చిన్నాన్న లక్ష్మీనరసింహం ఆశీర్వచనాలు. నువ్వు గవర్నమెంటు సర్వీసులో చేరావని చదివి మీ పిన్ని జగదీశ్వరి కళ్ళు తుడుచుకుంది. కూర్మనాథుడి గుడిలో నీ పేర అర్చన చేయించాం. అక్కడున్న వాళ్ళందరికీ చెప్పాను. ఏ డిపార్టుమెంటు అని అడిగితే సర్వీసు అన్నాను.

పోతే, నలుగురికి పులిహోర అనేది నాకు తెలియదు. అలాంటిది నేను చేయలేదు, మీ నాన్న చేయలేదు. నేను మూడు వందల మందికి చెప్పగలను. బియ్యం ఇరవై అయిదు కిలోల బస్తా. చింతపండు రెండున్నర కిలోలు, పిక్క తీసింది. నువ్వుల నూనె మూడు లీటర్లు. ఇంగువ యాభై గ్రాములు. ఆవాలు నూరడానికి మనిషి వేరే ఉండాలి. ఉప్పు చేతికి తెలుస్తుంది. ఇది రంగనాథానికి కూడా నేను కాగితం మీద పెట్టి ఇవ్వలేదు. వాడు నాతో ఇరవై ఏళ్ళ నుంచి ఉన్నాడు. ఎవరికీ చూపించకు.

బడిలో వంట నేర్పడం ఏమిటో నాకు సరిగా బోధపడలేదు. పరీక్షలో వండింది ఎవరు తింటారు?

ఆరోగ్యం జాగ్రత్త. తువ్వాళ్ళు, లుంగీలు వంటగదిలో ఉంచకు. అంటుకుంటాయి.

ఆశీస్సులతో
లక్ష్మీనరసింహం

*

ఎర్రగెడ్డవలస,
2 సెప్టెంబరు 2024

చిన్నాన్నగారికి నమస్కారాలు.

గుడి దగ్గర మళ్ళీ ఎవరైనా అడిగితే నాది పర్మనెంటు ఉద్యోగం కాదని చెప్పండి. ఏడాదికి ఏడాది కాంట్రాక్టు. సర్వీస్ అంటే ఇక్కడ వడ్డన.

పొయ్యి వచ్చింది. మీ కొలతల్ని డెబ్బై అయిదుతో భాగించాను. బియ్యం, చింతపండు సరిగ్గానే వచ్చాయి. ఇంగువ గ్రాము కన్నా తక్కువ తేలింది. అంత చిన్నది తూచే త్రాసు సైన్సు లాబులో ఉందిగాని దానికి బ్యాటరీ లేదు. చిటికెడు వేశాం. పులిహోర బాగుంది. పిల్లలు ఇరవై ఇద్దరు తిన్నారు, మనిషికి రెండు ముద్దలు.

ఇరవై ఇద్దరే, ఎందుకంటే ఇద్దరు మానేశారు. అనిత అని ఒక అమ్మాయి ఉంది, క్లాసులో అందరికన్నా చురుకు. ఆ పిల్ల కూడా మానేసేలా ఉంది. వాళ్ళమ్మ కూర్మమ్మ మా బడిలోనే మధ్యాహ్న భోజనం వండుతుంది. మా గదికీ ఆవిడ వంటశాలకీ మధ్య ఒక కొళాయి. మొన్న ఆ కొళాయి దగ్గర నన్ను ఆపింది. ఆవిడ అరవలేదు, గిన్నె తోముతూనే అంది:

"నాను పదిహేడేళ్ళుగా ఈ పొయ్యికాడే ఉన్నాను మేడమ్మా. అది సదూకోవాలని బడికేసాను. మీరు దాన్ని మళ్ళీ పొయ్యికాడికే తెస్తన్నారేటి?"

నేను పుస్తకంలో ఉన్న జవాబు చెప్పాను. ఉపాధి అవకాశాలు, నైపుణ్యం, అదీ ఇదీ. ఆవిడ గిన్నె బోర్లించి వెళ్ళిపోయింది.

అనిత మానేస్తే దాని స్నేహితురాళ్ళిద్దరూ మానేస్తారు. ఇరవైకి తగ్గితే వచ్చే ఏడాది ఈ కోర్సు ఉండదట. నేనూ ఉండను.

అందుకని ఒకటి అడుగుతున్నాను. సిలబస్‌లో ఫీల్డ్ విజిట్ అని ఉంది. పిల్లల్ని పని జరిగే చోటికి తీసుకెళ్ళాలి. కార్తీకంలో విజయనగరంలో మీ చేతి మీద పెళ్ళి ఉందని పిన్ని అంది. మా ఇరవై ఇద్దర్నీ తీసుకురానా? ఈ పనిలో ఎంత గౌరవం ఉందో వాళ్ళు చూడాలి.

మీ
ఆమని

*

శ్రీకూర్మం,
10 సెప్టెంబరు 2024

అమ్మా ఆమనీ,

తప్పకుండా తీసుకురా. నవంబరు పదమూడు, బుధవారం. పెళ్ళివారితో మాట్లాడాను. బడిపిల్లలు, మా అన్నగారి అమ్మాయి పంతులమ్మ అని చెబితే వాళ్ళు సంతోషించారు. గౌరవం గురించి రాశావు. అందులో లోటు రానివ్వను. ఆ రోజు పొద్దున్న వాళ్ళని ఏమీ తిననివ్వకు.

రంగనాథానికి కూడా చెప్పాను. ఎందుకు అన్నాడు. నీకు అర్థం కాదన్నాను.

లక్ష్మీనరసింహం

*

ఎర్రగెడ్డవలస,
18 నవంబరు 2024

చిన్నాన్నగారికి,

నమస్కారాలు. పిల్లలందరూ క్షేమంగా ఇళ్ళు చేరారు. ఇద్దరికి కడుపు ఉబ్బరం, తగ్గింది.

మీరు మమ్మల్ని కల్యాణమండపం ముందు గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్ళారు. పన్నీరు చల్లించారు. పెళ్ళివారికన్నా ముందు, మొదటి బంతిలో ఇరవై మూడు ఆకులు వేయించారు. మీరే స్వయంగా వడ్డించారు. రెండోసారి బూరెలు, మూడోసారి నెయ్యి. తాంబూలాలు ఇచ్చి, అదే గుమ్మంలోంచి బస్సు దాకా సాగనంపారు. అన్నీ బాగున్నాయి. నేను అడిగింది మాత్రం ఇది కాదు.

ఫీల్డ్ విజిట్ రిపోర్టులు దిద్దాను. "నీవు గమనించిన విషయాలు" అన్నచోట పద్దెనిమిది మంది బూరెలు అని రాశారు. ముగ్గురు పెళ్ళికొడుకు అని రాశారు. అనిత ఒక్కతే ఇలా రాసింది: "వంటశాల తలుపు వేసి ఉన్నది. చూడవచ్చునా అని అడిగితిని. రంగనాథం గారు మడి అన్నారు. వెనక్కి వచ్చి పెరుగన్నం తింటిని."

మేం తినడానికి రాలేదు చిన్నాన్నగారూ. గుండిగ ఎలా దింపుతారో, అయిదు వందల మందికి ఒకే రుచి ఎలా వస్తుందో చూడటానికి వచ్చాం. రిజిస్టరులో దీన్ని ఫీల్డ్ విజిట్ అని రాశాను. నిజానికి విందు.

ఇంకో మాట రాయకూడదు గాని రాస్తున్నాను. పదహారేళ్ళప్పుడు నేను కూడా మిమ్మల్ని ఇదే అడిగాను, నన్నూ పనిలోకి తీసుకోండని. ఆడపిల్లలు గుండిగ ఎత్తలేరు అన్నారు. అప్పుడూ తలుపు వేశారు. ఇప్పుడు పన్నీరు చల్లి వేశారు.

డిసెంబరులో గెస్ట్ లెక్చర్ ఒకటి పెట్టాలి. పనిలో అనుభవం ఉన్నవాళ్ళు బడికి వచ్చి మాట్లాడాలి. మీరు వస్తారా? ఇక్కడ మడి అవసరం లేదు.

ఆమని

*

శ్రీకూర్మం,
25 నవంబరు 2024

ఆమనికి,

మడి నా నియమం కాదు. పిలిచిన ఇంటివాళ్ళది. వాళ్ళ నియమం ప్రకారం వండుతాను కనుకనే పిలుస్తారు.

బూరెలు బాగున్నాయని పద్దెనిమిది మంది రాశారన్నావు. సంతోషం.

నేను ఏడో తరగతి వరకే చదివాను. బడిలో నిలబడి చెప్పే మనిషిని కాను. వేరే ఎవరినైనా చూసుకో.

లక్ష్మీనరసింహం

*

ఎర్రగెడ్డవలస,
11 డిసెంబరు 2024

చిన్నాన్నగారికి నమస్కారాలు.

మీరు రానన్నారు కనుక గెస్ట్ లెక్చర్‌కి వేరే మనిషిని పిలిచాను. ఎలా కుదిరిందో చెప్పాలి.

పోయిన మంగళవారం కూర్మమ్మకి జ్వరం వచ్చింది. ఆవిడతో వండే మరో ఆవిడ కూతురి పురిటికి వెళ్ళింది. రెండు వందల నలభై మంది పిల్లలకి వండేవాళ్ళు లేరు. మంగళవారం మెనూ పులిహోర. హెడ్‌మాస్టరుగారు మా గదికి వచ్చి, పిల్లల చేత వండించకూడదు, కానీ మీరు వండితే అది నా దృష్టికి రాదు అన్నారు. మీ ఉత్తరం తీసి ముందు పెట్టుకున్నాను. మూడు వందల మందికి అని మీరే రాశారు. సరిపోతుంది, మిగులుతుంది అనుకున్నాను.

గుమ్మం బయట నిలబడి అనిత బియ్యం బస్తా చూసింది. "ఇది సాలదు మేడం. మావోళ్ళు పెళ్ళిలోలాగ ముద్దెడు తినరు. పులిహోరే తింటారు" అంది. నేను వినలేదు. నూట అరవై మంది దగ్గర అయిపోయింది. ఈలోపు ఆ పిల్ల మళ్ళీ చెప్పి నా చేత రెండో ఎసరు పెట్టించకపోతే ఎనభై మంది పస్తు ఉండేవాళ్ళు. చింతపండు మిగల్లేదు. వాళ్ళు నిమ్మకాయ పులిహోర తిన్నారు. అదే బాగుందన్నారు. మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, కానీ అన్నారు.

మర్నాడు కూర్మమ్మ వచ్చాక అడిగాను, ఇంతమందికి ఎంత కావాలో మీకు ఎలా తెలుస్తుందని. పదిహేడేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరట.

గెస్ట్ లెక్చర్ పదిహేడో తేదీ. చెప్పేది కూర్మమ్మ. ఫారంలో "అతిథి హోదా" అన్నచోట ఏం రాయాలని హెడ్‌మాస్టరుగారు అడిగారు. అతిథి అని రాయమన్నాను. మీకు చెప్పకుండా మీ స్థానంలో ఎవరినో పెట్టానని అనుకుంటారేమోనని ముందే రాస్తున్నాను.

ఆమని

*

పలాస,
12 డిసెంబరు 2024

చిరంజీవి ఆమనికి,

ఇక్కడ సత్రంలో సమారాధన పని మీద ఉన్నాను. శ్రీకూర్మం ఇప్పట్లో వెళ్ళను. నేను రాసిన పొడి ఉత్తరానికి మీ పిన్ని నాతో వారం రోజులు మాట్లాడలేదు. రంగనాథం కూడా, అమ్మాయికి అలా రాయకుండా ఉండాల్సింది అన్నాడు. వాడు అలా అనడం ఇదే మొదలు.

పదిహేడున లెక్చరని మీ పిన్ని మీ హెడ్‌మాస్టరుగారికి ఫోన్ చేసి కనుక్కుంది. వస్తున్నాను. ఇక్కణ్ణుంచే రైలెక్కుతాను. పొందూరు పంచె కొత్తది కట్టుకుంటాను. ఏం చెప్పాలో ఆరు కాగితాలు రాసుకున్నాను. గాడిపొయ్యి తవ్వడం దగ్గర మొదలుపెడతాను. ఈ సంగతి ఎవరికీ చెప్పకు.

ఆశీస్సులతో
లక్ష్మీనరసింహం

*

ఎర్రగెడ్డవలస,
24 డిసెంబరు 2024

చిన్నాన్నగారికి,

మీ పలాస ఉత్తరం మీరు వచ్చి వెళ్ళిన మర్నాడు చేరింది. కూర్మమ్మ సంగతి రాసిన నా ఉత్తరం మీరు పలాసలో ఉండగా మీ ఇంటికి చేరి ఉంటుంది.

ఆ రోజు మీరు గుమ్మంలో కనబడేసరికి కూర్మమ్మ అప్పటికే బోర్డు ముందు నిలబడి ఉంది. మీ చేతిలో కాగితాలు చూశాను. మీరు వాటిని మడిచి జేబులో పెట్టుకుని, సరిగా వినపడదని మొదటి బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నారు. ఆఖర్న అనిత మిమ్మల్ని ఆ ప్రశ్న అడిగాక మంచినీళ్ళు తాగి, పని ఉందని రెండు గంటల బస్సుకి వెళ్ళిపోయారు. భోజనం కూడా చేయలేదు. మీకు కోపం వచ్చిందని నాకు తెలుసు. ఆ పిల్ల అలా అడిగి ఉండకూడదు. అందరిముందు మందలించాను. మీకు క్షమాపణ ఉత్తరం రాయమన్నాను. "తప్పేటి అడిగాను మేడం?" అంది.

"పెద్దబాబుకి నామీద కోపమేటి?" అని కూర్మమ్మ రోజూ అడుగుతోంది.

అనిత మానేయడం లేదు. కూర్మమ్మే వచ్చి చెప్పింది. మేం ఇరవై ఇద్దరం.

మీ
ఆమని

*

శ్రీకూర్మం,
27 జనవరి 2025

అమ్మా ఆమనీ,

నెల రోజులు ఆలోచించి రాస్తున్నాను. నాకు కోపం రాలేదు. ఆ సంగతి ముందు కూర్మమ్మకి చెప్పు.

ఆవిడ చెప్పిన నలభై నిమిషాల్లో నాకు తెలియనిది ఒకటి ఉంది. కొత్త బియ్యం ముద్దయిపోతే ఏం చేస్తావని నేను అడిగాను కదా. "ముందురోజే ఓ గుప్పెడు ఉడికించి సూస్తాను బాబూ. బియ్యం సంగతి బియ్యాన్నే అడగాల" అంది. నేను ఏ బియ్యం అయినా చేత్తో పట్టుకుని చెప్పగలనని అనుకునేవాణ్ణి. రెండు పెళ్ళిళ్ళలో అన్నం ముద్దయింది. రెండుసార్లూ బియ్యం కొన్నవాళ్ళని తిట్టాను.

తరవాత ఆ పిల్ల. మీ వంటశాలలో ఆడవాళ్ళు ఎంతమంది తాతగారూ అంది. లేరన్నాను. ఎందుకు లేరంది. గుండిగ బరువు అన్నాను. "మా అమ్మ రోజూ దింపుతాది. మీరు దింపడం మేం సూడలేదు. తలుపేసేసారు" అంది. నువ్వు మందలించావని రాశావు. మందలించాల్సింది కాదు. ఆ ప్రశ్న నీకు పదహారేళ్ళప్పుడు అడగడం చేతకాలేదు. చేతనైతే నేను అప్పుడే దొరికిపోయేవాణ్ణి.

నిన్ను వద్దన్నది నేను కాదు. మీ నాన్న.

నువ్వు నన్ను అడుగుతావని అన్నయ్యకి ముందే తెలుసు. కొత్తూరులో పెళ్ళి చేసి వస్తున్నాం. బస్సులో నా పక్కన కూర్చుని అన్నాడు: "ఒరే, ఇన్ని పెళ్ళిళ్ళు చేశాం. ఒక్కదాన్లో అయినా ముందు గుమ్మంలోంచి వెళ్ళామా? బంతిలో కూర్చోమని ఎవరైనా అన్నారా? అమ్మాయికి ఆ దొడ్డిగుమ్మం వద్దు. నేను వద్దన్నానంటే బాధపడతాది. నువ్వే ఏదో ఒకటి చెప్పు." నాకు తోచింది చెప్పాను. గుండిగ బరువు అనడం తేలిక. అన్నయ్య పోయి ఆరేళ్ళయింది. మాట ఇచ్చాను కనుక నోరు విప్పలేదు. ఈ పద్నాలుగేళ్ళూ నువ్వు నా మీద కోపంగా ఉన్నావని నాకు తెలుసు. నీకు నాన్న మీద కోపం రావడం కన్నా అది నయం అనుకున్నాను.

నువ్వు గౌరవం అని రాసినప్పుడు నాకు అర్థమైంది అదొక్కటే. పిల్లల్ని ముందు గుమ్మంలోంచి తీసుకురావడం, మొదటి బంతిలో కూర్చోబెట్టడం. మాకు ఎవరూ చేయనిది అది. వంటశాల చూపించడం గౌరవం అవుతుందని నాకు తట్టలేదు.

ఫిబ్రవరి ఇరవై, గురువారం, పొందూరులో ఒక పెళ్ళి ఉంది. షావుకారు ధర్మేంద్ర గారింట్లో. పెరట్లోనే వంట. బడిపిల్లలు వచ్చి చూస్తారు, మా అన్నగారి అమ్మాయి నాతో కలిసి వండుతుంది, అలా అయితేనే ఒప్పుకుంటానని చెప్పాను. ఆయన రెండు రోజులు తీసుకున్నాడు. ఇంట్లో పెద్దావిడతో మాట్లాడి సరే అన్నాడు. ఈ షరతు విని రంగనాథం రానన్నాడు. ఇరవై ఏళ్ళుగా నాతో ఉన్న మనిషి. కష్టంగా ఉంది. వాడి ఇష్టం.

కాబట్టి నాకు గుండిగ రెండో పక్క పట్టుకునే మనిషి లేడు. నువ్వు రావాలని అడుగుతున్నాను. నువ్వు రాకపోతే పెళ్ళివారికి వేరే మనిషిని చూసుకోమని చెప్పాలి, అందుకని త్వరగా రాయి.

చిన్నాన్న

*

ఎర్రగెడ్డవలస,
3 ఫిబ్రవరి 2025

చిన్నాన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం బడికి వచ్చింది. మొదటి పీరియడ్‌లో చదివాను. రెండో పీరియడ్ పిల్లల్ని రుమాళ్ళు మడుచుకోమన్నాను. చాలా మడిచారు.

కూర్మమ్మకి మీకు కోపం లేదని చెప్పాను. "మరైతే అన్నం తినకుండా ఎందుకెల్లిపోనారు" అంది. దానికి జవాబు మీరే చెప్పుకోవాలి. ఆవిడ ఇరవయ్యో తేదీన పిల్లలతో పాటు వస్తానంటోంది. ఆ రోజు బడిలో వంటకి మనిషిని కుదిర్చేసింది. హెడ్‌మాస్టరుగారు కూడా వస్తున్నారు. పిల్లలు పొయ్యికి ఆరడుగుల దూరంలో ఉంటారని ఆయన కాగితం మీద రాయించుకున్నారు. ఆ దూరం ఎలా కొలుస్తారో తెలియదు.

నాన్న సంగతి. ఆయన ఏ పెళ్ళికీ నన్ను తీసుకెళ్ళేవారు కాదు. పిలుపు వచ్చిన పెళ్ళిళ్ళకి కూడా నన్నూ అమ్మనీ పంపేవారు, తను వచ్చేవారు కాదు. ఆయనకి పెళ్ళి భోజనం అంటే విసుగు అనుకునేదాన్ని. ఇప్పుడు ఆయన్ని అడగడానికి లేదు. అందుకని మీ మీద కోపం లేదు అని రాయాలనుకున్నాను. రాయలేకపోయాను. ఉంది. మీరిద్దరూ నా గురించి మాట్లాడుకున్నది పద్నాలుగేళ్ళు నాకు తెలియనివ్వలేదు. అనితకి వాళ్ళమ్మ ఏం వద్దనుకుందో మొహం మీదే చెప్పింది. ఆ పిల్ల అడిగింది, పోట్లాడింది, ఉండిపోయింది. నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

పందొమ్మిదికి సెలవు పెట్టాను. ఆ రోజు పది గంటల కల్లా పొందూరులో దిగుతాను. కూరలు తరిగే పని నాకు ఇవ్వకండి, గుండిగ దగ్గరే ఉంటాను. కోపం సంగతి భోజనాలు అయ్యాక మాట్లాడుకుందాం.

మీ
ఆమని